మ్యూజియంలో వీరబాబు ఫొటో

ఏమండీ,

అన్నం, పప్పు వండి మూత పెట్టాను. మబ్బు పట్టింది, కళ్లంలో మిరపకాయల మీద పట్టా కప్పండి. నేను బెజవాడ బస్సుకు వెళ్తున్నాను.

అక్కడి మ్యూజియంలో పత్తి రైతుల ఫొటోలు పెట్టారట. వాటిలో మా తమ్ముడు వీరబాబు ఉన్నాడని పక్కింటి సఫూరా చూసొచ్చి చెప్పింది. "వాడేనే దుర్గా, కనుబొమ్మ మీద గాటు కూడా ఉంది" అంది. ఇల్లు వదిలిపోయినవాడు దొరికాడని సంబరపడ్డాను. ఆ గదిలో ఉన్నవన్నీ పురుగుమందు తాగి పోయినవాళ్ల ఫొటోలేనని తర్వాత మెల్లగా చెప్పింది. వాడు వెళ్లిపోతానన్నప్పుడు మీరొక్క మాట చెప్పి ఆపాల్సింది.

మా అమ్మ అడిగితే బట్టలు కొనడానికి వెళ్లానని చెప్పండి.

దుర్గ

వాడు కాకపోతే వెంటనే బుల్లయ్య గారి కొట్టుకు ఫోన్ చేస్తాను. ఫోన్ రాకపోతే, అమ్మకు తెలియకుండా మీరు బయల్దేరి రండి.