శనివారం నా పెళ్ళి, ఈలోగా టీ డబ్బాల పంపకం

ఎల్ కాపులీనాల్ గ్రామ నివాసి, కీర్తిశేషులు సెలెదోనియో అర్చులేటా గారి భార్యనైన కసిమీరా అర్చులేటా అను నేను, డెబ్బై ఆరేళ్ళ వయసులో, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని వ్రాయించుకొనుచున్న వీలునామా ఇది. స్థిరబుద్ధి అన్న మాట కింద ప్లీడరు గారి చేత గీత కూడా గీయించాను. ఈ శనివారం తెయోఫిలో మాయెస్ గారిని పెళ్ళి చేసుకోబోతున్నాను కనుక, ఆ మాట మీద అనుమానపడేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. నా సంతకం వంకరగా ఉంటే అది సంతోషంతో చేయి ఆగక వచ్చిన వంకరే తప్ప ముసలితనం కాదని కోర్టువారు గ్రహించవలెను.

1. ఇదే నా మొదటి వీలునామా. దీనిని అమలు జరుపు బాధ్యత నా కూతురు వియోలాకు అప్పగించుచున్నాను. తొందరపడే మనిషి కాదు. ఆ గుణం నా నుంచి మాత్రం రాలేదు.

2. మట్టి ఇటుకలతో కట్టిన నా ఇంటిని, పెరడుతోనూ వంటింటి కట్టెల పొయ్యితోనూ సహా, నా తదనంతరం తెయోఫిలో తన జీవితకాలం అనుభవించవలెను. అమ్ముటకు గాని తాకట్టు పెట్టుటకు గాని ఆయనకు హక్కు లేదు. ఆయన తర్వాత వియోలాకు, నా కొడుకు లాసరోకు సమంగా చెందవలెను. ఈ షరతు పెట్టమన్నది తెయోఫిలోనే.

ఆయన ఈ ఇంట్లోకి ఎలా వచ్చాడో కూడా ఇక్కడే రాయాలన్నాను. అక్కర్లేదన్నారు ప్లీడరు గారు. వీలునామా నాది కదా!

పోయిన చలికాలం పెద్ద మంచు పడింది, దారి మూసుకుపోయింది. ఊరందరి జలుబులకూ టీ కాచేదాన్ని, నాకే దగ్గు పట్టుకుంది. దగ్గుకని మా కొండల్లో తవ్వి తెచ్చుకునే ఓషా వేరు కాచుకున్నాను, అడవి పుదీనా తాగాను, చామంతి తాగాను. దగ్గు గుండెల్లోకి దిగింది. తెయోఫిలో ఉద్యోగకాలమంతా రోడ్ల మీద మంచు తీసే బండి నడిపాడు. ఇప్పటికీ తన పాత ట్రక్కు ముందు మంచు నెట్టే పెద్ద పార తగిలించుకుని ముసలివాళ్ళ వాకిళ్ళు శుభ్రం చేసిపెడతాడు. నా వాకిలి తీస్తూ దగ్గు విని తలుపు కొట్టాడు.

"టీ తాగుతున్నాను, తగ్గిపోతుంది," అన్నాను.

"టీ మంచిదేనండీ. మీ చేతి టీ నేనూ తాగుతాను కదా. కానీ ఈ దగ్గు టీ పని కాదు. కోటు వేసుకోండి."

"మా ఇంటి మందుకే వంక పెడుతున్నారా?"

"తిట్టాలంటే ట్రక్కులో కూర్చుని తిట్టండి. హీటరు వేసి ఉంచాను."

తిట్టాను. దారి పొడవునా తిట్టాను, ఊపిరి ఆడినంత మేరకు. ఆయన మంచును చీల్చుకుంటూ పోయి లాస్ వేగాస్ ఆసుపత్రిలో దింపాడు (జూదాల లాస్ వేగాస్ కాదు, మా దగ్గరి చిన్న పట్నం). న్యుమోనియా అన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఈ వీలునామా రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ఇంటికి తిరిగొచ్చేసరికి నా పొయ్యి వెలుగుతోంది, నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా కాపాడాడు. బల్ల మీద నాకోసం చామంతి టీ! ఒక్క గుక్క తాగితే నాలుక చేదు విషమైంది.

"పువ్వుల్ని ఎవరైనా ఉడకబెడతారటండీ?"

"మరి నేర్పండి," అన్నాడు.

నేర్చుకోవడానికి మంచు కరిగేదాకా వచ్చాడు. కరిగాక కూడా వచ్చాడు. శరదృతువులో కట్టెలు పేరుస్తూ, "ఈ నేర్చుకోవడం ఏదో ఇక్కడే ఉండి నేర్చుకుంటే పోలేదా అనిపిస్తోందండీ," అన్నాడు. నాకు అర్థమైంది. సరేనన్నాను. గెంతేదాన్నే, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

3. కావున నా టీ డబ్బాలన్నీ, కింద మినహాయించినవి తప్ప, తెయోఫిలోకు చెందవలెను. మళ్ళీ చెప్పుచున్నాను: వేరైతే సన్నని సెగ మీద నిదానంగా మరగాలి. పువ్వయితే వేడినీళ్ళు పోసి మూత పెట్టి వదిలెయ్యాలి. తేనె, నీళ్ళ వేడి కాస్త తగ్గాక. దగ్గు గుండెల్లోకి దిగితే ట్రక్కు.

4. నా కొడుకు లాసరోకు వాళ్ళ నాన్న సెలెదోనియో దేవదారు చెక్కతో చేసిన ఆకులారబెట్టే చట్రం ఇచ్చుచున్నాను. పెళ్ళి మాట వినగానే వీడు ఫోనులో, "ఈ వయసులో పెళ్ళేంటమ్మా? తోడు కావాలంటే ఓ కుక్కను పెంచుకో," అన్నాడు. "కుక్క మంచు తవ్వదురా," అన్నాను. చాలా వారాలు మాట్లాడలేదు. నాన్న ఇంట్లోకి ఇంకొకరు వస్తున్నారని వాడి బాధ, అది నాకు తెలుసు. పోయిన ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చాడు. గోడ మీద వాళ్ళ నాన్న ఫోటోకి అద్దం తళతళలాడుతోంది. ఎవరు తుడిచారన్నాడు. తెయోఫిలో రోజూ తుడుస్తాడని చెప్పాను. వాడు చాలాసేపు ఆ ఫోటో ముందే నిలబడ్డాడు. తర్వాత కూర్చుని, తెయోఫిలో ఇచ్చిన టీ తాగి మొహం చిట్లించి, "ఈయన ఘోరంగా కాస్తున్నాడమ్మా. నువ్వు దగ్గరుండి నేర్పు," అన్నాడు. కప్పు మాత్రం ఖాళీ చేశాడు. చర్చిలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించేది వాడే!

5. వియోలా కూతురు మారిసేలా ఇప్పుడు కడుపుతో ఉంది. దానికి ఎండిన అడవి గులాబీ కాయల జాడీ, మా అమ్మ వడకట్టే గుడ్డ. ఓషా వేరు కడుపుతో ఉండగా, పాలిచ్చేటప్పుడు ముట్టకూడదు. బిడ్డకు ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, ఏ ముత్తవ్వ చెప్పినా సరే. ముత్తవ్వను నేనే కనుక ఇది ఖాయం.

6. నా ఆడపడుచు అదెలాయిదా నా గులాబీ కాయల టీ మేజోళ్ళు ఉతికిన నీళ్ళలా ఉంటుందని పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ చెప్పింది. ప్రతి చలికాలం మొదటి మంచుకు తెయోఫిలో ఆమెకు ఆ టీయే ఒక సీసా నింపి ఇవ్వవలెను. తిట్టడానికి ఏమీ లేకపోతే ఆమెకు తోచదు. నాకూ తోచదు. శనివారం విందుకు రొట్టెలు ఆమే కాలుస్తోంది.

7. నేను రోజూ తాగే నీలం కప్పు ఎవరికీ ఇవ్వడం లేదు. దానితో నాకు ఇంకా పని ఉంది.

తేదీ: 2019 జనవరి 29, మంగళవారం. బయట మంచు పడుతోంది, లోపల ఓషా మరుగుతోంది.

(సంతకం) కసిమీరా అర్చులేటా

సాక్షులు: ఫిదెన్సియో లుసెరో, పక్కింటివారు.
ఓతీలియా బాకా, చర్చి ఆర్గన్ వాయించేవారు.

తెయోఫిలో కూడా సాక్షి సంతకం చేస్తానన్నాడు. వాటా ఉన్నవాళ్ళు చేయకూడదన్నారు ప్లీడరు గారు. "అయితే శనివారం పాదిరిగారి పెళ్ళిళ్ళ పుస్తకంలో చేస్తాను లెండి," అన్నాడు.