నీడకు గడి లేని పట్టిక

మా పెరటి మీద కత్తి కట్టిన బావమరిదికి,

నువ్వు పంపిన పట్టిక అందింది. ఓసారి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. కానుగ చెట్టు కొట్టేసి కుచ్చుల గడ్డి నాటమన్నావు. గడ్డికి ఆకులు రాలవట, వేర్లు గోడను తొయ్యవట, చూడటానికి అందమట. గడ్డికి పదకొండు మార్కులు, చెట్టుకు నాలుగు. ఏం పరీక్షరా ఇది?

నేను బడికి పోయింది నాలుగేళ్లే. మిగతా చదువంతా అచ్చాఫీసులో అక్షరాలు కూరుస్తుంటే అబ్బింది. అక్కడ ఓసారి రైళ్ల పట్టికలో బయలుదేరే సమయాల గడులు మరిచిపోయి అచ్చేశాను. మా ఓనరు ఆ కాగితాలన్నీ నా నెత్తిన పోశాడు. నీ పట్టిక చూస్తే ఆయనే గుర్తొచ్చాడు. అందులో నీడకు గడే లేదు!

మీ అక్క కుట్టుమిషను ఎక్కడుంటుందో నీకు తెలియదూ? మధ్యాహ్నమయ్యేసరికి ముందుగది పెనంలా కాలిపోతుంది. చెట్టు కిందైతే పొద్దుగూకేదాకా కుట్టుకుంటుంది. అలాంటిది, "తమ్ముడు చదువుకున్నవాడు, వాడు చెప్పాక కాదంటే ఏం బాగుంటుందండీ" అని నిన్న మిషను లోపలికి జరిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు ఆ మార్కులు ఎక్కడ కూర్చుని వేశావు? మొన్న మా ఇంటికొచ్చినప్పుడు ఆ చెట్టు కిందే కదా! ఎండ మీదికొచ్చినప్పుడల్లా కుర్చీ నీడలోకి జరుపుకున్నావు. మూడుసార్లు జరిపావు, నేను చూస్తూనే ఉన్నాను.

సోమవారానికి నువ్వు మాట్లాడిపెట్టిన చెట్టు కొట్టేవాళ్లను రావద్దని చెప్పు. నువ్వు మాత్రం ఆదివారం రెండింటికి రా. నమూనాకని వదిలివెళ్లిన గడ్డి కుండీ పక్కన నీకు కుర్చీ వేస్తాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని పట్టిక తిరగరాయి. అంతసేపూ మీ అక్క చెట్టు కింద కుట్టుకుంటూ ఉంటుంది. మిషను ఇందాకే నేను బయటికి లాగేశాను.

మీ బావ