ఇంకా శుద్ధి కాని ఎంజైమ్

మార్చి 4

మా తోడికోడలు, నేను అక్క అని పిలిచే ఆవిడే, మా ల్యాబ్ హెడ్. ఇంట్లో పెత్తనమూ ఆవిడదే, ల్యాబ్‌లో పెత్తనమూ ఆవిడదే.

దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసే బాక్టీరియా ఎంజైమ్ ఒకటుంది. దాని జీన్‌ని ల్యాబ్‌లో పెంచే బాక్టీరియాలో పెట్టి, ఆ కణాల్ని పగలగొట్టి, కాలమ్ అనే గొట్టాల్లోంచి పంపి, చెత్తంతా వదిలించి ఎంజైమ్‌ని మాత్రం పట్టుకోవడం నా పని. చివరి కాలమ్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడే వాడితే, నా ట్యూబుల్లో ఇంకా కలిసి ఉన్న వేరే ఎంజైమ్ డీఎన్ఏని నమిలేస్తుంది.

అక్క వేరే ల్యాబ్ వాళ్లకి శాంపిల్ ఇస్తానని మాటిచ్చేసిందట. వారం ఆగమన్నాను. నీ చాదస్తంతో నా పరువు తీస్తావా అంది. ఆవిడ నోటిని శుద్ధి చేసే కాలమ్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మార్చి 5

కోల్డ్ రూమ్‌లో నా ట్యూబులు లేవు.

మార్చి 6

అడిగాను. ల్యాబ్ నాది, ఫ్రిజ్ నాది, ట్యూబులు ఎవరివమ్మా అంది. మా ఆయనతో చెబితే, ఆఫీసు గొడవలు వంటింట్లోకి తేవద్దన్నారు. వంటింట్లో ఉన్నదీ ఆవిడే కదా అన్నాను. పేపర్ తిరగేశారు.

మార్చి 19

మీటింగ్. డైరెక్టర్ గోడ మీద ఫోటో వేశారు. మా ఎంజైమ్ కలిపాక ఆ ల్యాబ్ వాళ్ల డీఎన్ఏ పిండి పిండి అయిపోయింది. రోగుల దగ్గర తీసిన శాంపిల్స్. మళ్లీ దొరకవట.

తయారుచేసింది ఈ అమ్మాయే సార్, నేను నమ్మాను అంది అక్క. ఈ అమ్మాయట!

ఒళ్లు మండిపోయింది. నేనిచ్చానా, నువ్వు తీసుకున్నావా అని అందరి ముందే అడిగాను. డైరెక్టర్ గట్టిగా అడిగితే, కోల్డ్ రూమ్‌లో ఉంటే తీసుకున్నాను, పని అయిపోయిందనుకున్నాను అంది. కాలేదని ముందే చెప్పాను సార్, అన్నాను. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. దొంగ అన్నాను.

ఏడ్చింది. నాకు హాయిగా ఉంది.

మార్చి 20

నువ్వు కాస్త తగ్గితే నీ సొమ్మేం పోయింది అన్నారు అత్తయ్య. పోయింది వాళ్ల డీఎన్ఏ అత్తయ్యా అన్నాను. బావగారు అక్క కంచం గదిలోకి పట్టుకెళ్లారు. దాని మొహం చూస్తూ నాకు ముద్ద దిగదు అని అక్క గదిలోంచి అరిచింది. మానెయ్ అని నేనూ అరిచాను.

మార్చి 26

మళ్లీ మొదటినుంచీ చేశాను. చివరి కాలమ్ కూడా దాటింది. జెల్ మీద ఒకటే గీత, అంటే వేరే ఎంజైమ్ ఏదీ మిగల్లేదు. డీఎన్ఏలో పాడైన ముక్కని మాత్రమే పీకింది, మిగతాది చెక్కుచెదరలేదు. ప్రాజెక్టు నాకు అప్పగించారు.

అక్క నా బెంచి దగ్గరికొచ్చింది. ఆ ల్యాబ్ వాళ్లకి కాస్త పంపు, నేను క్షమించమన్నానని రాయి, అని మెల్లగా అడిగింది. ఆవిడ నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

పంపుతాను, నీ పేరు మాత్రం రాయను అన్నాను.

ఏప్రిల్ 2

అక్కావాళ్లు వేరే ఇంటికి వెళ్లిపోయారు. అత్తయ్య కూడా వాళ్లతోనే.

ఎంజైమ్ చాలా బాగుందని ఆ ల్యాబ్ నుంచి మెయిల్. మా ఆయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. అమ్మకి ఫోన్ చేస్తానని లేచి వెళ్లిపోయారు.