దయ్యం రైలు గొంతు

అత్తయ్యా, మీరు నడక నుంచి ఇంకా రాలేదు, నాకేమో డబ్బింగ్‌కి టైమైపోతోంది. పాలు కాచి మూతపెట్టాను. పిడుగు లేవగానే దగ్గుమందు ఒక చెంచా వెయ్యండి. చేదని మారాం చేస్తుంది, వినకండి.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. అన్నం తినకపోతే దయ్యం రైలొస్తుందని దాన్ని ఇక బెదిరించొద్దు. ఆ రైళ్ల కార్టూన్లో దయ్యం రైలుకి గొంతిచ్చింది నేనే కదా! నిన్న బాత్‌రూమ్‌లోంచి "తువ్వాలు ఇవ్వమ్మా" అని కేకేస్తే, నా గొంతు అక్కడ అచ్చం అలాగే మోగింది. అది పరిగెత్తి మంచం కింద దూరింది. కన్నబిడ్డ నా గొంతు విని వణికిపోతే ప్రాణం ఉసూరుమంది.

తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఖాళీ బిందెలో మూతి పెట్టి "కూ... నా పెట్టెలో ఎవరూ లేరూ..." అని చేసి చూపించాను. మొదట నా మెడ గట్టిగా కావలించుకుంది. మూడోసారికి, "అమ్మా, ఆ రైలెందుకు ఏడుస్తోంది?" అంది.

"అందరూ భయపడి ఎవరూ ఎక్కరు కదా, అందుకు."

"అయితే నేనెక్కుతా. నానమ్మనీ ఎక్కిస్తా," అంది.

ఇవాళ ఆ కార్టూన్ రెండో భాగానికి డబ్బింగ్ చెప్పాలి. కథ మార్చడం నా చేతిలో లేదు గానీ, ఆఖరి కూతలో కాస్త నవ్వు కలుపుతాను.

అన్నట్టు, హాల్లో వరసగా పేర్చిన దిండ్లు తియ్యకండి. అవి సీట్లట. కిటికీ పక్కది మీకు ఉంచింది.