పఖ్తాకు నచ్చిన మట్టి

తాష్కెంట్, సోమవారం

మర్గిలాన్‌లో ఉన్న హదీచా అక్కయ్యకు చెల్లెలు మస్తూరా సలాములు.

ఫోనులో నీకు వినపడదు, అరిస్తే మా పక్కింటివాళ్లు హడలిపోతారు. అందుకే రాస్తున్నాను. నా చదువు నీకు తెలిసిందే, తప్పులుంటే దిద్దుకో.

మా తెల్లపిల్లి పఖ్తా తన మట్టితొట్టి మానేసి, గుమ్మంలో చెప్పుల్లో పని కానిస్తోంది. నాలుగో అంతస్తు, మట్టి ఎక్కణ్ణించి తేను? మా కోడలు మునిస ఇదివరకు ఆ తొట్టి తనే కడిగేది. ఇప్పుడు ముక్కు మూసుకుని పరుగెడుతోంది. నిన్నయితే, "అత్తయ్యా, ఈ వాసన నా వల్ల కాదు" అనేసింది. ఇక పఖ్తాను వెళ్లగొట్టడమే తరువాయి.

తొట్టిలో పొయ్యమని మా అబ్బాయి షౌకత్ మొక్కజొన్న గుళికలు తెచ్చాడు. తిండిగింజ మీద పిల్లి ఆ పని చెయ్యడమా! కిందపడ్డ రొట్టెముక్కను కళ్లకద్దుకుని ఎత్తున పెట్టేవాళ్లం కదా మనం. సంచీకి ముద్దుపెట్టి అలమర మీద పెట్టాను. మరి ఏం పొయ్యను?

నీ చెల్లెలు
మస్తూరా

తా.క. ఆ గుళికలు కొన్ని పావురాలకు వేశాను. కడుపులో ఉబ్బుతాయేమోనని కిటికీలోనే కూర్చున్నాను. ఇంతవరకూ ఎగురుతూనే ఉన్నాయి.

మర్గిలాన్, బుధవారం

మస్తూరాకు అక్క దీవెనలు.

చిన్నప్పుడు కోడిపిల్ల తుమ్మినా ఏడ్చేదానివి, ఏం మారలేదు. తందూరు బూడిద కన్నా మంచిది ఏ పిల్లికీ లేదు. టాక్సీ అతనితో ఒక సంచీ పంపుతున్నాను.

అది సరేగానీ, వాసన పిల్లిదేనని కోడలు చెప్పిందా? నువ్వు మోకాళ్లకు గొర్రెకొవ్వు రాసుకుంటావు కదా. ఆలోచించు.

అక్క హదీచా

తా.క. బూడిద అడుగున నాలుగు రొట్టెలున్నాయి. దులుపుకుని తినండి.

తాష్కెంట్, శనివారం

అక్కయ్యకు,

నువ్వు అన్నదే నిజం. కొవ్వు మానేశాను, రోజుకు రెండుసార్లు ఒళ్లు తోముకున్నాను. అయినా పులావుకు ఉల్లిపాయలు వేయిస్తుంటే మునిస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. నా వంటా గిట్టడం లేదన్నమాట.

నీ బూడిద తొక్కిన పఖ్తా కొత్త పరుపులన్నిటి మీదా షికారు చేసింది.

ఒక్కటే శుభవార్త. వంటింటి సొరుగులో టీ డబ్బా వెనక, చేతిరుమాల్లో తెల్లమట్టి గడ్డలు దొరికాయి. పఖ్తా కోసమే మునిస తెచ్చి మరిచిపోయిందనుకుని, అన్నీ దంచి తొట్టిలో పోశాను. పఖ్తా దర్జాగా వెళ్లి కూర్చుంది! మునిస వచ్చి చూసి, నేలమీద చతికిలబడి ఏడ్చేసింది. "ఏం చేశానే తల్లీ?" అంటే, "ఏం లేదత్తయ్యా" అంది, ఏడుస్తూనే నవ్వింది.

మూట కట్టేశాను. గురువారం నేనూ పఖ్తా నీ దగ్గరికి వచ్చేస్తాం.

దిక్కులేని చెల్లెలు
మస్తూరా

తా.క. మునిస తొట్టి వైపు చూసి గుటక వేసింది. ఏడుపు దిగమింగుకుంటోంది కాబోలు, పాపం.

మర్గిలాన్, ఆదివారం

మస్తూరా!

మూట విప్పు. ఆ గడ్డల మీద పళ్లగాట్లున్నాయా? షౌకత్ కడుపులో ఉన్నప్పుడు మా వరండా గోడ గీకి గీకి తిన్నది ఎవరమ్మా?

హదీచా

తా.క. గోడ మీద ఆ గుంట ఇంకా ఉంది.

తాష్కెంట్, మంగళవారం

బంగారు అక్కయ్యకు,

ఉన్నాయి. నేను ఎలక గాట్లనుకున్నాను.

మూట విప్పుతుంటే మునిస వచ్చి పక్కన కూర్చుంది. "ఏడేళ్లకి కదా అత్తయ్యా, మూడో నెల నిండాక చెబుదామనుకున్నాను. ముందే చెబితే మీరు నిద్రపోరు" అంది. నిజమే, నిన్నటినుంచి నిద్ర లేదు. మట్టి తినొద్దందట డాక్టరమ్మ. ఎండు ఆప్రికాట్లు నానబెట్టి ఇస్తున్నాను.

పిల్లి తొట్టి కూడా ముట్టుకోకూడదట. "మీరు వెళ్లిపోతే పఖ్తాను నేనెవరికి అప్పగించను? దాన్ని వదిలి నేనుండలేను" అని నా చెయ్యి పట్టుకుంది. వెళ్లనని చెప్పాను.

నీ చెల్లెలు
మస్తూరా

తా.క. తొట్టిలో ఏది పొయ్యాలో ఇప్పుడు మునిస ముక్కు చెప్పాలి. బజారులో ఉన్నవన్నీ గుప్పెడేసి తెచ్చి వాసన చూపించాను. దేవదారు రంపపుపొట్టు ఒక్కటే ఓర్చుకోగలదట. పఖ్తా మూతి తిప్పుకుంది. "కాస్త సర్దుకోవే, అక్కవి కాబోతున్నావు" అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి, వెళ్లి కూర్చుంది.