ఊరి నుంచి వచ్చిన జ్వరం మందు

అక్కకు గౌరి నమస్కారాలు. నువ్వు, బావ, బాబు, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తున్నాను. మేమూ బాగున్నామని రాయాలని కూర్చున్నాను గానీ చెయ్యి సాగడం లేదు. పాపని ఆసుపత్రిలో చేర్చామని చెప్పిన రోజు నుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. బావని అడిగితే, "అది తిన్నగా కూడు కూడా తినడం నేదమ్మా" అన్నాడు. అందుకే పాతపట్నం వస్తున్న సూరి మావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

చెన్నైలో వానలు వదలడం లేదు. రేకుల షెడ్డులో నేలంతా చెమ్మ. ఇక్కడి బియ్యం మా నోటికి ఇంకా పట్టలేదు. మీ మరిదిది సెంట్రింగు పని, నాది ఇసుక మోత. షెడ్లలో ఉన్నదంతా మన వైపు వాళ్లే కాబట్టి పాప ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి తిరుగుతూ పెరిగింది. అది చూసి ఎంత మురిసిపోయేదాన్నో.

దానికి జ్వరం తగిలినప్పుడు, మీ బాబుకి వాడగా మిగిలిందని నువ్వు పంపిన చుక్కల మందు తీశాను. దాన్ని కొలిచే గొట్టం దారిలోనే విరిగిపోయింది. సిరప్పు లాంటిదే కదా అని చెంచాతో పోశాను. ఇక్కడి మందుల షాపులో మా మాట వాళ్లకి తెలియదు, ఊరి మందంటే మాకు ధైర్యం. పొద్దున్న నేను పోసి పనికి వెళ్లాను. మధ్యాహ్నం పిల్లల్ని చూసే అప్పలమ్మత్త పోసింది. సాయంత్రం ఎదురు షెడ్డు లక్ష్మి పోసింది. ఒకరు పోసినట్టు ఇంకొకరికి తెలియదు. మర్నాడూ అంతే. వాంతులు చేసుకుంటే దిష్టి తీశాం. ఒళ్లు చల్లబడిందని సంతోషించాం కూడా. తర్వాత పాప పాలు మానేసింది. ఎంత లేపినా కళ్లు తెరవలేదు.

డాక్టరమ్మ సీసా చూసి తల పట్టుకుంది. "ఇది సిరప్పు కన్నా చాలా చిక్కటి మందు. చెంచాతో పోసేది కాదు. పిల్ల బరువు చూసి రాసినంతే, దాని గొట్టంతోనే కొలవాలి. ఒక్క మనిషే పొయ్యాలి" అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. కాలేయం దెబ్బతిందట. పాప కళ్లు పచ్చగా ఉన్నాయి. బతుకుతుందా అంటే, చూద్దాం అంటుంది. నాకు భయంగా ఉందక్కా.

అప్పలమ్మత్త రోజూ వచ్చి ఆసుపత్రి గేటు దగ్గరే కూర్చుంటుంది. "ఒళ్లు కాలిపోతన్నాదని ఓ సెంచా ఏసినానే గౌరీ. మన ఊరి మందే కదా, ఏటవుతాదనుకున్నాను" అని ఏడుస్తుంది. తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ తిట్టలేకపోయాను. ఇప్పుడు షెడ్లలో ఎవరి పిల్ల ఏడ్చినా ఇంకొకరు ఎత్తుకోవడం లేదు.

నీదే తప్పని మనసులో ఒక్కసారీ అనుకోలేదని అబద్ధం రాయను. మొదటి రోజు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. నీ బాబు నోట్లో పడే మందునే నా పాపకీ పంపావు, అంతకన్నా ఏం చేస్తావు?

ఇంట్లో మిగిలిన పాత సీసాలన్నీ పారేయించు. బాబుకి ఒళ్లు వెచ్చబడితే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లు. వాళ్లిచ్చిన మందు నువ్వొక్కదానివే పొయ్యి, పోశానని అమ్మకి చెప్పు. అమ్మ మనసాగక తనూ ఇంకోసారి పోసేస్తుంది, నీకు తెలుసు కదా. పాపకి జ్వరమని మాత్రమే అమ్మకి చెప్పు, మిగతాది వద్దు.

బావకి నమస్కారాలు. అమ్మ కాళ్లకి మొక్కానని చెప్పు. అందరూ పాపని దీవించండి.

రేపు డాక్టరమ్మ మంచి మాట చెప్పినా, చెడ్డ మాట చెప్పినా నేను ముందు చెప్పుకోవాల్సింది నీకే. ఫోను ఎత్తు అక్కా.

నీ చెల్లి
గౌరి