అరుగు మీద బోర్లించిన కుండీ

నాగలతా,

అరుగు మీద రంగేసి ఆరబెట్టిన ప్లాస్టిక్ పూలకుండీలను ఎండలోకి జరపొద్దు. నువ్వు వచ్చినాక తడి స్పాంజితో పైపైన ఒక్కసారి తుడువు. గట్టిగా రుద్దితే నల్లరంగంతా వచ్చేస్తాది. కోళ్లను అటు రానీయొద్దు.

ఒకదాన్ని గోనెసంచిలో చుట్టుకొని గండికోటకు పోతాండా. కొత్త లాడ్జీ ఆయప్ప, పాతరాయి మాదిరి కనపడితే ముప్పై కుండీలు కావాలన్నాడు. ఇది కుదిరితే ఈ ఎండాకాలం నేను బండల గనికి పోయే పని ఉండదు.

ప్లాస్టిక్‌కు బూడిద పూసినట్టుండాదని నిన్న నవ్వితివి. మనసుకు తగిలింది. పొద్దున్నే లేచి నువ్వు గుడ్డలుతికే బండ దగ్గర కూర్చొని చూసినా. నీ చెయ్యి ఆనేచోట తెల్లగా, నీళ్లు నిలిచే వార పచ్చగా ఉండాది. రంగులో ఇంత సిమెంటు కలిపి అట్లనే అద్దినా. ఇప్పుడు చూడు.

చొక్కా వేసుకొని బయటికి వచ్చేలోపల ఎదురింటి సుంకులమ్మవ్వ, బోర్లించిన పెద్దకుండీకి పసుపు కుంకుమ పెట్టేసింది. నీళ్లు పోయే తూటులో గన్నేరుపువ్వు కూడా గుచ్చింది. "ఏమప్పా, ఇంత పాతరాయి యాడ దొరికింది నీకు?" అని అడిగింది. ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించే కండ్లు ఆయమ్మవి. ప్లాస్టిక్‌దని చెప్పకుండా గోనెసంచికి ముడేస్తా కూర్చున్నా. అప్పటినుంచి సంబరానికి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. బస్సు వస్తాంది, పోతాండా.

మరిచిపోయినా. సాయంత్రం ఆయమ్మ టెంకాయ తెస్తాదంట. పక్కన మెట్టు మీద కొట్టమను. కుండీ మీద కొడితే పగుల్తాది.